కత్తి రాణి కోసం రేపల్లె దాకా

తిరుపతి వెళ్ళేవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి వెళ్తారు. ఊటీ వెళ్ళేవాళ్ళు చల్లబడడానికి వెళ్తారు. నేను రేపల్లె వెళ్ళింది తిట్లు తినడానికి. తిట్లతో పాటు దారి పొడుగునా ఇంకా చాలా తిన్నాను. అవన్నీ వరసగా చెబుతాను గాని, ముందు నా తప్పు చెప్పుకోవాలి.

ఎనభైల చివర నేను మద్రాసులో ఒక తెలుగు వారపత్రికలో పనిచేస్తూ, పాఠకుల సినిమా ప్రశ్నలకు జవాబులు రాసేవాణ్ణి. పాత సినిమాల గురించి, అందులోనూ మూకీల గురించి, నాకు తెలియనిది లేదని నా నమ్మకం. జవాబులో సమాచారం కాస్త తగ్గినా చమత్కారం తగ్గకూడదన్నది ఇంకో నమ్మకం. ఒకసారి రేపల్లె నుంచి పానకాలయ్య అనే పెద్దాయన ఉత్తరం రాశారు. కుర్రతనంలో ఆయన ఊరూరా తిరిగే డేరా సినిమాలో మూకీ బొమ్మలకు హార్మోనియం వాయించారట. ఆ రోజుల్లో జనం 'కత్తి రాణి' అని పిలుచుకున్న బొంబాయి తార గురించి నేను రాసిన వ్యాసం చదివారు. "అంతా బాగా రాశారు గాని, ఆవిడ ఎడంచేత్తో కత్తి తిప్పేదన్న ముఖ్యమైన సంగతి వదిలేశారు" అన్నారు.

నా దగ్గర ఆవిడ సినిమా ఫొటో ఒకటుంది. అందులో కత్తి కుడిచేతిలో ఉంది. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. "సముద్రపు గాలికి రేపల్లె వారి కుడిఎడమలు తారుమారైనట్టున్నాయి. ఆయన హార్మోనియం కూడా తిరగేసి వాయించలేదు కదా?" అని అచ్చు వేయించాను. ఆఫీసులో అందరూ నవ్వారు. ఆ వారమంతా కాలరెగరేసుకుని తిరిగాను.

ఏడాదిన్నర తర్వాత ఆయన కోడలు విజయలక్ష్మి గారి నుంచి ఒక ఇన్లాండ్ లెటరు వచ్చింది. "మీ జవాబు పడిన దగ్గర్నుంచి మా మామగారిని ఊళ్ళో 'తిరగేసిన హార్మోనియం' అంటున్నారు. ఆయన పెట్టె ముట్టుకోవడం మానేశారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ కత్తి రాణి బొమ్మే వేస్తున్నారట. ఏ చెయ్యో తేల్చుకుంటామని వీధి వీధంతా మా ఇంటికి వస్తోంది. నిప్పు పెట్టింది మీరే కాబట్టి, మీరు కూడా వచ్చి చలి కాచుకోండి."

ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి సెలవు చీటీ రాశాను. ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. క్షమాపణ అడగడానికి బయలుదేరుతూ ఆ ఫొటో కూడా సంచిలో పెట్టుకున్నాను. తప్పు ఒప్పుకుంటూనే గెలవాలనే బుద్ధి నాది.

బాపట్ల: బోణీ బేరం

శుక్రవారం తెల్లవారాక బాపట్లలో దిగాను. స్టేషను బయట చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. మద్రాసులో పెసరట్టు అడిగితే దోసెకు పచ్చరంగు వేసినట్టు ఇస్తారు. ఇక్కడ పెనం మీంచి వచ్చేటప్పటికే అల్లం, పచ్చిమిర్చి వాసన మనిషిని నిలబెట్టి పలకరిస్తుంది. రెండు రూపాయలు. మద్రాసులో ఆ డబ్బుకి చట్నీ కూడా మొహం చూపించదు.

కుడిచేతిలో సంచి ఉండడంతో ఎడంచేత్తో డబ్బులు చాచాను. గల్లాపెట్టె దగ్గరున్న ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కుడిచేత్తో ఇవ్వండి బాబూ, బోణీ!"

"ఏ చేతిదైనా రూపాయి రూపాయే కదండీ."

"రూపాయి ఒకటేనండి, రోజు ఒకటి కాదుగా. మీరు ఎడంచేత్తో ఇచ్చి చక్కా పోతారు. సాయంత్రం దాకా ఈగలు తోలుకునేది నేనండి."

సంచి కింద పెట్టబోయి పక్క బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు దొర్లించాను. నీళ్ళు ఒక పెద్దాయన పంచె మీద పడ్డాయి. ఆయన కోప్పడలేదు. పంచె పిండుకుంటూ, "మీది పుర్రచెయ్యా బాబూ?" అని అడిగారు. కాదన్నాను. ఆయన రిటైరైన బడిపంతులు.

"నా సర్వీసులో పుర్రచేతి పిల్లల్ని ఎంతమందిని కుడికి తిప్పానో! వేళ్ళ మీద నాలుగు తగిలిస్తే వారంలో దారికొచ్చేవాళ్ళు."

"రానివాళ్ళో?"

"ఒకడు రాలేదండి. ఎడంచేత్తో బొమ్మలు వేసేవాడు, పలకమీద కోడిపుంజు వేస్తే కూస్తుందేమో అనిపించేది. నేను కొట్టాక బొమ్మలూ మానేశాడు, అక్షరాలూ మానేశాడు." ఆయన కాఫీ గ్లాసు కాసేపు తిప్పి, "ఇప్పుడైతే కొట్టనండి" అన్నారు.

ఆ పూట సూర్యలంక సముద్రం చూడడానికి వెళ్ళాను. మెరీనాలో సముద్రం కనిపించాలంటే ముందు సుండల్ గుగ్గిళ్ళు అమ్మేవాళ్ళని, గుర్రాలవాళ్ళని దాటాలి. ఇక్కడ మధ్యలో ఎవరూ లేరు. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు "ఏ ఊరన్నయ్యా?" అని అడిగి, మద్రాసంటే, "అక్కడ సముద్రం లేదా ఏంటి?" అని నవ్వారు. నీళ్ళలో నిలబడి క్షమాపణ మాటలు నాలుగు రకాలుగా చెప్పుకుని చూసుకున్నాను. నాలుగింటిలోనూ 'అయితే' అనే మాట దొర్లింది. నాలుగింటినీ కొట్టేశాను.

తెనాలి: అరటికాయ బజ్జీలు

శనివారం తెనాలిలో దిగడానికి నేను చెప్పుకున్న కారణం డేరా సినిమాల గురించి వివరాలు సేకరించడం. అసలు కారణం వేరు. పానకాలయ్య గారు నిజంగా హార్మోనియం వాయించారా, లేక గొప్ప కోసం రాసుకున్నారా అని ఆరా తీయాలనుకున్నాను. ఆ డేరా యజమాని కూతురు రత్నమ్మ గారు ఊరి శివారున అంగలకుదురులో ఉంటున్నారని తెలిసింది. ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. నన్ను చూడగానే, "డేరా గుడ్డ కోసమా? ఎప్పుడో ధాన్యం మీద కప్పేశాం, చిరిగిపోయింది" అన్నారు. కాదు, మనుషుల కోసం వచ్చానన్నాక కూర్చోమన్నారు. అరటికాయ బజ్జీలు వేసి పెట్టారు. కాయలు కొల్లిపర నుంచి వచ్చాయట. చాకులాంటి సన్నటి ముక్కలు, వాముతో పిండి. పదకొండోది తింటున్నప్పుడు లెక్క మానేశాను.

"పానకాలు ఎందుకు తెలీదు? బక్కోడు. ఎడంచెయ్యి మెట్ల మీద, కుడిచెయ్యి తిత్తి మీద పెట్టి వాయించేవాడు. పుర్రచేతి వాటం. పక్కవాళ్ళకి అపశకునం అని నాటకాల వాళ్ళెవ్వరూ పెట్టుకోలేదు. మా నాన్న పెట్టుకున్నాడు."

"మీ నాన్నగారికి పట్టింపు లేదన్నమాట."

"పట్టింపు లేకేం! తెర వెనకాల కూర్చునేవాడికి ఏ చెయ్యైతే ఏంటి, ఎవరు చూడొచ్చారు అనేవాడు."

బజ్జీ నోటిదాకా వెళ్ళి ఆగింది. "తెర వెనకాలా?"

"మరి ముందా? ముందంతా నేల టిక్కెట్లు. పెట్టె, పెట్టె మనిషి, తబలా మనిషి కూర్చుంటే ఆరుగురి చోటు పోతుంది. మా నాన్న ఒప్పుకుంటాడా? ఆట మొదలయ్యే ముందు తెర మీద నీళ్ళు చల్లేవాళ్ళు. తడిగుడ్డ కదా, బొమ్మ వెనక్కీ దిగేది. వీళ్ళు వెనకాల చాపేసుకుని బొమ్మ చూస్తూ వాయించేవాళ్ళు. కథ చెప్పే ఆయన ముందు కర్ర పట్టుకుని నిలబడి, ఇంగ్లీషు అక్షరాలు పడ్డప్పుడల్లా తెలుగులో కేకేసేవాడు. నేనూ పానకాలు పక్కనే కూర్చునేదాన్ని. మీద నీళ్ళు కారుతుంటే పెట్టె మీద తన తువ్వాలు కప్పేవాడు పాపం."

సంచిలోంచి ఫొటో తీశాను. కత్తి కుడిచేతిలోనే ఉంది. అదే బొమ్మను గుడ్డకు అవతలి వైపు నుంచి చూస్తే ఎడంచేతిలో ఉంటుంది. అబద్ధం ఆడని మనిషిని, చూసింది చూసినట్టు రాసిన మనిషిని, నేను వేలమంది ముందు నవ్వులపాలు చేశాను.

"ఏంటి బాబూ అలా అయిపోయావు? కారంగా ఉందా?"

జరిగింది చెప్పాను. ఆవిడ బజ్జీల పళ్ళెం పక్కకి జరిపారు. తర్వాత, "ఆ పిల్లాడు ఆవిడ బొమ్మ వచ్చినప్పుడల్లా ఒక మాట అనేవాడయ్యా. 'రత్నం, చూశావా, రాణికే పుర్రచెయ్యి, నాకుంటే తప్పేంటి' అనేవాడు" అన్నారు.

కారం అప్పుడు తగిలింది. క్షమాపణ ఒక్కటే అయితే ఎలాగో చెప్పేస్తాను. కాని రేపు మధ్యాహ్నం వీధిలో అందరి ముందూ టీవీలో కత్తి రాణి కుడిచేత్తో కత్తి దూస్తుంది. అరవై ఏళ్ళుగా ఆయన వెంట ఉన్న రాణి ఒక్క క్షణంలో ఆయన్ని వదిలి మిగతా అందరి వైపు వెళ్ళిపోతుంది. దాన్ని నేనెలా ఆపగలను?

రత్నమ్మ గారు అరటిపళ్ళ అత్తం ఒకటి చేతిలో పెట్టి, "పానకాలుకివ్వు. కాళ్ళ మీద పడేటప్పుడు పళ్ళు పక్కన పెట్టి పడు, నలిగిపోతాయి" అన్నారు.

రేపల్లె రైల్లో

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు తొందరపడే రైలు కాదు. చేలల్లో ఎవరో చెయ్యి ఊపితే ఇదీ ఊపుతుందేమో అనిపిస్తుంది. మద్రాసు రైళ్ళలో మనిషి పక్క మనిషిని పలకరిస్తే పర్సు తడుముకుంటారు. ఇక్కడ పలకరించకపోతే అనుమానిస్తారు. ఆదివారం పొద్దున నేనెక్కిన పెట్టెలో ఎదురుగా కూర్చున్న ఆవిడ నా ఊరు, పని, పిల్లలు, నా భార్య పుట్టిల్లు రెండు స్టేషన్లలో తెలుసుకున్నారు.

"పళ్ళు ఎవరికి అన్నయ్యా?"

"పానకాలయ్య గారికండి."

"ఏ పానకాలయ్య? ఓ, తిరగేసిన హార్మోనియం గారా!" అని ఆవిడ నవ్వారు. "ఆ పేరు ఎవడో మద్రాసు వాడు పెట్టాడంట అన్నయ్యా, భలే పెట్టాడు."

నేను కిటికీలోంచి వరిచేలు చూశాను. ఆ చేలు చాలా పచ్చగా ఉన్నాయని చెప్పగలను. ఇంకేమీ గుర్తులేదు.

రేపల్లె: ఆదివారం భోజనం

విజయలక్ష్మి గారు గుమ్మంలోనే నన్ను పైనుంచి కింద దాకా చూశారు. "మీరేనా? రాతలు చూసి మనిషి ఇంకా పొడుగనుకున్నాను. కాళ్ళు కడుక్కోండి, భోజనం చేద్దురుగాని. ఖాళీ కడుపు మీద తిట్టే అలవాటు మా ఇంట్లో లేదు."

రొయ్యల వేపుడు, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గడ్డపెరుగు. తిట్ల కోసం వచ్చినవాడికి ఇంత పెడితే, పొగడ్డానికి వచ్చినవాడికి ఏం పెడతారో! పానకాలయ్య గారు పక్కనే కూర్చుని తిన్నారు. ఇప్పటికీ బక్కపల్చని మనిషే. ఆయన కుడిచెయ్యి అన్నం కలపడంలో కొంచెం తడబడుతోంది.

నేను ఆకు ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, పళ్ళు పక్కన పెట్టి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాను. "నాది తప్పండి. తెలియక కాదు, పొగరుతో రాశాను" అన్నాను.

"లేవండి లేవండి. మీరు రాసింది చదివి మొదట నేనూ నవ్వానండి. తర్వాత ఊరంతా నవ్వేసరికి నాకు నవ్వడానికి చోటు లేకుండా పోయింది."

తెర వెనక సంగతి ఆయనకు విడమర్చి చెప్పాను. ఆయన తల పంకించి, చేతులు గాలిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"మరి మిగతావాళ్ళు కూడా ఎడంచేతివాళ్ళుగానే కనిపించి ఉండాలి కదండీ. అనుమానం రాలేదా?" అని అడిగాను.

"అందరూ అంతేనండి! రాజు, మంత్రి, దొంగలు, అన్నం తినేవాళ్ళు, దణ్ణం పెట్టేవాళ్ళు అందరూ ఎడంచెయ్యే. బొంబాయిలో జనమంతా పుర్రచేతివాళ్ళనుకున్నా. ఎప్పటికైనా అక్కడికి పోయి బతకాలనుకున్నానండి."

"టాకీలు వచ్చాక ముందు నుంచి చూసి ఉంటారుగా?"

"చూశాను. అందరూ కుడిచేతివాళ్ళైపోయారు. మాటలు నేర్పేటప్పుడు బళ్ళోలాగా వేళ్ళ మీద కొట్టి మార్పించారనుకున్నా."

విజయలక్ష్మి గారు పెరుగు గిన్నె పట్టుకునే నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వు మాత్రం మధ్యలో ఆగింది.

"అయితే ఆవిడది కుడిచెయ్యేనాండి?"

ఇన్ని జవాబులు రాసే నాకు ఆ ఒక్క ప్రశ్నకు చమత్కారం దొరకలేదు. "అవునండి" అన్నాను.

"పోనీలెండి" అని ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళి పడుకున్నారు.

వసారాలో సినిమా

ఒంటిగంట దాటేసరికి వసారా నిండిపోయింది. టీవీని గోడవారగా బల్ల మీద పెట్టారు. ఒకాయన డాబా ఎక్కి ఏంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అని, కిందవాళ్ళు "చుక్కలొచ్చాయి" అని కాసేపు సాగింది. బొమ్మ కుదిరింది. పాత బొమ్మకు కొత్తగా అతికించిన పియానో, వయొలిన్లు మోగాయి. బాగానే ఉన్నాయి గాని, గుర్రాలు పరిగెడుతుంటే పెళ్ళిలో విందు సంగీతంలా మెత్తగా నడుస్తున్నాయి.

పావుగంటలో కత్తి రాణి వచ్చింది. కత్తి దూసింది. కుడిచేత్తో.

"కుడే! కుడే!" అని అరిచాడు రైసుమిల్లు గుమస్తా ఒకాయన. "మద్రాసు సార్ గెలిచారండోయ్!"

నేను లేచి నిలబడ్డాను. "గెలవలేదండి. ఓడిపోయాను. పానకాలయ్య గారు రాసింది అక్షరాలా నిజం. నేను తెలుసుకోకుండా వెటకారం చేశాను" అని డేరా, తడిగుడ్డ, నేల టిక్కెట్లు అన్నీ చెప్పాను.

"వెనక నుంచి చూస్తే మాత్రం చెయ్యి మారుద్దా సార్? నా వెనక్కొచ్చి చూడండి, నా కుడిచెయ్యి కుడే!" అన్నాడు గుమస్తా. అందరూ మళ్ళీ నవ్వారు. ఎంత చెప్పినా మాటలు తడిగోడకు కొట్టిన సున్నంలా జారిపోతున్నాయి. లోపలి గది తలుపు దగ్గరగా వేసే ఉంది.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న ఎదురింటి సెలూను వెంకటేశ్వర్లు కల్పించుకున్నాడు. సగం గడ్డం చేసిన మనిషిని కుర్చీలో వదిలేసి వచ్చినట్టున్నాడు, చేతిలో కత్తి ఇంకా ఉంది. "మారుద్ది బాబాయ్. నా షాపులో రోజూ జరిగేదే ఇది. నా కత్తి కుడిచేతిలో ఉంటది, అద్దంలో ఎడంచేతిలో ఉంటది. ఉండండి."

అటు వెళ్ళి, ఆ సగం గడ్డం మనిషి సాయంతోనే గోడ అద్దం ఊడదీసి మోసుకొచ్చాడు. మనిషి నడుం ఎత్తు అద్దం. టీవీకి ఎదురుగా కుర్చీ మీద నిలబెట్టాడు. "ఇటు తిరగండి అందరూ" అన్నాడు.

వీధి వీధంతా టీవీకి వీపు పెట్టి తిరిగింది. అద్దంలో గుర్రం అటు నుంచి ఇటు వచ్చింది. గుర్రం మీంచి రాణి దూకింది. కత్తి ఎడంచేతిలో ఉంది. గుమస్తా ఒకసారి వెనక్కి తిరిగి టీవీ చూసి, మళ్ళీ అద్దం చూసి, "ఓర్నీ" అన్నాడు.

విజయలక్ష్మి గారు తలుపు తోశారు. "మామయ్యగారూ, మీ రాణిగారొచ్చారు. పెట్టె తీసుకుని రమ్మంటున్నారు."

ఆయన వచ్చారు. అద్దం ముందు నిలబడి చూశారు. కండువాతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఆవిడేనండి" అన్నారు, ఎవరితోనో చెప్పినట్టు. చాప మీద కూర్చున్నారు. హార్మోనియం పెట్టె మీది దుమ్ము దులిపితే ఇద్దరు తుమ్మారు. ఎవరో వెళ్ళి టీవీ గొంతు పూర్తిగా తగ్గించారు. ఎడంచెయ్యి మెట్ల మీదికి వెళ్ళింది. రెండు మెట్లు పలకలేదు, ఒకటి పలికి ఆగలేదు. అయినా గుర్రాలు మాత్రం నిజంగా పరిగెత్తాయి.

ఈలోగా తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. అద్దంలో అవి తిరగబడ్డాయి. "కథ చెప్పేదెవరు?" అన్నారు జనం.

"సారున్నారుగా, అన్నిటికీ జవాబులు రాసేవారు" అన్నారు విజయలక్ష్మి గారు, ఒక గొడుగు నా చేతిలో పెట్టి.

గొడుగు కర్రలా పట్టుకుని టీవీ పక్కన నిలబడ్డాను. అక్షరాలు చదవాలి కాబట్టి నేనొక్కణ్ణే టీవీ వైపు తిరిగి ఉన్నాను. మిగతా అందరి వీపులూ నాకేసి ఉన్నాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "దుర్మార్గుడైన మంత్రి కోట తలుపులు మూయించాడు! పదిమంది భటులు చుట్టుముట్టారు! రాణి జంకిందా? జంకలేదు! ఒరలో చెయ్యి పెట్టింది..."

"ఏ చేత్తో సార్?" అని అరిచాడు గుమస్తా.

నా కళ్ళెదురుగా టీవీలో ఆవిడ కుడిచెయ్యి లేస్తోంది. హార్మోనియం ఒక్క స్వరం మీద ఆగింది. పానకాలయ్య గారు తల తిప్పలేదు గాని, అద్దంలోంచి నన్నే చూస్తున్నారు.

"ఎడంచేత్తో!" అని వసారా దద్దరిల్లేలా కేక వేశాను. "ఎడంచేత్తోనండీ!"

హార్మోనియం అందుకుంది.